ఎస్తర్ నేర్పిన అక్షరాలు

పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతోంది. బీదర్ మంగల్‌పేటలోని ఆ రెండు గదుల ఇంటి ముందు కందుల బస్తాలతో లారీ సిద్ధంగా ఉంది. సోలాపూర్ పోవాలి. సాల్మన్ ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి గాలి చూసుకుంటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటది.

లోపల కూతురు ఫెబా పెన్ను కోసం వెతుకుతూ తల్లి నోటుబుక్కు తెరిచింది. ఎస్తర్ చర్చిలో సండే స్కూల్ పిల్లలకు బైబిలు కంఠత వాక్యాలు నేర్పుతుంది. ఆమె నేర్పితే మరిచిపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు. జ్వరంలో లేపి అడిగినా తడబడకుండా అప్పజెప్పాల్సిందే. ఆ వాక్యాల వెనక, చివరి పేజీలో, తెలుగులో ఇలా రాసి ఉంది: ‘ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్...’

ఫెబా ఆ వరుసను మళ్ళీ చదివింది. ఆ అక్షరాలు చదివించడమే కంటి ఆస్పత్రిలో ఆమె ఉద్యోగం. లారీ డ్రైవర్లకు క్యాంపులు పెట్టి చూపు పరీక్షించడం, కన్ను ఆననివాళ్ళను బండి ఎక్కవద్దని చెప్పడం. పోయిన శనివారం బసవకళ్యాణ్ క్యాంపులో తండ్రి కుడికన్ను తన చేత్తోనే మూసింది. ఆయన కింది వరుస దాకా గడగడా చదివేస్తే మురిసిపోయి, చూపు బాగుందని కాగితం మీద సంతకం కూడా పెట్టింది. తను ఇంటికి తెచ్చుకున్న పరీక్ష అట్ట మీది అక్షరాలను తల్లి చూసి రాసుకుందన్నమాట.

“అమ్మా, ఇదేంది? నాయినకు ఎడమ కన్ను కనిపిస్తలేదా?”

ఎస్తర్ రొట్టె తిప్పుతూనే చెప్పింది. “కంటి నరం ఎండుతాందట. కొంచెం మసక, గంతే. లైసెన్సు పోతే ఏం తినాలె మనం? నెల దినాలు కూసోబెట్టి, వాక్యం నేర్పినట్టు నేర్పిన. తప్పేముంది?”

తప్పేముందట! ఫెబా ఒక్క ఉదుటున బయటికి పోయి లారీలోంచి తాళం లాక్కుంది.

“నువ్వీ బండి నడపొద్దు నాయినా. నీ కాయితం మీద నేను సంతకం పెట్టిన. అది అబద్ధం.”

“తాళమియ్యి.”

“ఇయ్య. ఎవలనన్న చంపుతవు నువ్వు.”

ఆ మాట పూర్తి కాకముందే చెంప పగిలింది. రెండో దెబ్బకు పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. కూతురి మీద ఏనాడూ గట్టిగా అరవని మనిషి ఆమె మణికట్టు మెలిపెట్టి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. ఫెబా ఆ చేతిని కొరికింది. ఆయన ఆమె జడ పట్టి గోడకేసి నెట్టాడు. తల గోడకు తగిలిన చప్పుడు లోపలి దాకా వినిపించింది.

“నా కూడు నేను తింటాంటే నీకేం నొప్పే? నన్ను ఇంట్ల కూసోబెట్టి గుడ్డోడంటరా?”

ఎస్తర్ పరుగున వచ్చింది. భర్తను ఆపడానికి అనుకుంటాం. కాదు, కూతురినే ఒకటి చరిచింది. “నాయిన మీదికి నోరు లేపుతవా? దారియ్యి!”

సాల్మన్ గుంజుకున్న తాళంతో లారీ ఎక్కి ఇంజను వేశాడు. ఫెబా తూలుకుంటూ లేచింది. బండికి అడ్డం పోబోయి, కళ్ళు తిరిగి ఎడమ చక్రం ముందర బోర్లా పడిపోయింది.

అది చూసింది ఎస్తర్ ఒక్కతే. లారీ ఎడమ మూల దగ్గర నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపింది. “ఆపు! పిల్ల పడ్డది, ఆపు!” ఇంజను మోతలో మాట వినపడదు, సరే. చేతులు కనపడాలి కదా? సాల్మన్ ముందుకే చూస్తున్నాడు. గేరు పడింది. చక్రం కదిలింది.

గోడకు ఆనించిన ఇనుప రాడ్డు ఎస్తర్ చేతికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. బలమంతా కూడదీసి లారీ ముందు అద్దం మీద కొట్టింది. అద్దం భళ్ళున పగిలి సాల్మన్ ఒడినిండా గాజు పెంకులు పడ్డాయి. ముఖమంతా గీరుకుపోయింది. బ్రేకు తొక్కి, దూకి, రాడ్డు గుంజుకొని పెళ్ళాం మీదికి ఎత్తాడు.

“పిచ్చి లేసిందానే నీకు?”

ఎస్తర్ తల కాచుకోలేదు. చక్రం వైపు చూపించింది. ఫెబా తలకూ టైరుకూ మధ్య జానెడు కూడా లేదు.

సాల్మన్ చేతిలో రాడ్డు జారిపోయింది. “ఇదెప్పుడు పడ్డది ఈడ?”

“చేతులెత్తి మొత్తుకున్న గదయ్యా. నీ ముంగటనే నిలబడ్డ.”

“ఏడ? నువ్వు లేవు గదనే ఆడ.”

ఎస్తర్ కూతురి తల ఒళ్ళోకి తీసుకుని నేల మీదే కూలబడింది. కొంచెం మసక అని తనకు తానే చెప్పుకున్న మాట అబద్ధమని ఇప్పుడు తెలిసింది. “నేనే చేసిన బిడ్డా. దేవుని మాటలు నేర్పే నోటితోని నేర్పిన. నా చేతులతోని నిన్ను చక్రం కిందేసిన,” అంటూ గుండెలు బాదుకుంది. ఫెబా కళ్ళు తెరిచి ఆ చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

సాల్మన్ ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కూతురి పెదవి మీది నెత్తురు తన తువ్వాలతో తుడిచాడు. తువ్వాల మడుస్తూ చెప్పాడు.

“రెండు నెలల కింద, మన్నళ్ళి దాటినంక, ఎడమ దిక్కు ఏందో తగిలింది. గొడ్డనుకున్న. ఆగలే.”

భార్య వైపు తిరిగాడు.

“గొడ్డేనంటవా ఎస్తరూ?”

ఎస్తర్ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. లోపలికి పోయి పొయ్యి ఆర్పి, ఇంటికి గొళ్ళెం పెట్టి వచ్చింది.

“లే. మొదలు పిల్లకు కట్టు కట్టిద్దాం,” అంది. “ఆడికెల్లి ఠాణాకు పోదాం. నేర్పిన ముచ్చట నేను గూడ చెప్తా.”

ఫెబా తండ్రి భుజం పట్టుకుని లేచింది. ముగ్గురూ నడిచే వెళ్ళారు.