దిబ్బ దిగిపోయిన ముందునీడ

ఏప్రిల్ మొదలవగానే విశాఖపట్నంలో పగటిపూట వీధులు మూసేస్తారు. పొద్దున్నే సైరన్ మోగుతుంది. ఆ తర్వాత బయట అడుగు పెట్టాలంటే చల్లచొక్కా తొడుక్కోవాలి, లేదా నేల కింది నడవాల్లోంచి పోవాలి. ఇళ్ళల్లో చిక్కుకుపోయిన జనానికి ఆ నెలంతా ఒకటే కాలక్షేపం, మార్పిడి. ఏ జట్టు ఎవర్ని ఇచ్చి ఎవర్ని తెచ్చుకుంటోంది, ఎవరికి మతిపోయింది, ఎవరి పంట పండింది అనే చర్చల్లో పడి కూరలో ఉప్పు ఎక్కువైనా ఎవరూ పట్టించుకోరు.

ఆట బేస్‌బాల్. క్రికెట్‌ని ఎండ మింగేసింది. రోజంతా మైదానంలో నిలబడే ఆటకి లోకంలో చోటు లేకుండా పోయాక, శీతాకాలపు సాయంత్రాల్లో పైకప్పు కింద ఆడుకునే ఈ ఆటని మనవాళ్ళు ఎత్తుకున్నారు. ఎత్తుకుని ఊరుకుంటారా, పేర్లు కూడా పెట్టేశారు. పిచ్చర్ నిలబడి బంతి విసిరే మట్టిగుట్టని దిబ్బ అన్నారు. ఎదురుగా గుండ్రటి బ్యాటు పట్టుకుని ఒకడు, చుట్టూ అరిచే వేలమంది, మధ్యలో ఆ దిబ్బ మీద ఒంటరిగా పిచ్చర్. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో గెలుపోటములు చాలావరకు ఆ ఒక్క మనిషి చేతిలో ఉంటాయి. చేతిలో అన్నాను గానీ, నిజానికి మనసులో.

ఒంటి సంగతి తేల్చడం పెద్ద పని కాదు. భుజం ఎన్నాళ్ళు నిలుస్తుందో, మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో స్కానింగులు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాయి. తెలియనిదల్లా మనసు. కుర్రతనంలో నిప్పులు కురిపించినవాళ్ళు నాలుగేళ్ళకే చప్పబడిపోయేవారు. అలాంటివాళ్ళని ఏరి కోరి తెచ్చుకుని నెత్తిన చెంగేసుకున్న జట్లు ఎన్నో. ఆ బెడద తీర్చడానికే ముందునీడ పుట్టింది.

ఇంగ్లీషులో దాన్ని ప్రొజెక్షన్ ఇంజిన్ అంటారు. ఆటగాడి మెదడులోని నాడుల అల్లికని, జ్ఞాపకాలని, భయాలని నకలు తీసి, ఆ నకలుని యంత్రం తనలో అల్లిన ఒక లోకంలోకి వదులుతుంది. అక్కడ అది పదేళ్ళు బతుకుతుంది. ఆడుతుంది, గెలుస్తుంది, జబ్బు పడుతుంది, పెళ్ళి చేసుకుంటుంది. మనకి మాత్రం ఒక మధ్యాహ్నం గడుస్తుంది. చివర్లో ఏటేటా జరిగే ఆరోగ్య పరీక్ష అని చెప్పి, పరీక్షకురాలు దాన్ని తెర మీదకి పిలిచి మాట్లాడుతుంది. తాను నీడనని దానికి తెలియదు. మాటలయ్యాక తుడిచేస్తారు.

భీమిలి కెరటాలు అనే జట్టులో ఆ పరీక్షకురాలు డాక్టర్ కరణం హైమవతి. యాభై దాటిన మనిషి, ముక్కుసూటి. తన అంచనా ఒక్కసారి కూడా తప్పలేదని ఆమెకు లోలోపల గర్వం. గర్వపడటంలో వింతేమీ లేదు, నిజంగానే ఒక్కసారీ తప్పలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉందని ఆమెకు చాలాకాలం తట్టలేదు.

యంత్రాన్ని నడపడానికి ఒక తొలిమాట కావాలి. ఆటగాణ్ణి గ్యాలరీలోంచి చూసిన పరీక్షకురాలు తనకేమనిపించిందో ఒక్క వాక్యంలో చెబుతుంది. ఆ వాక్యాన్ని ముఖాముఖి కూర్చోబెట్టి ఆటగాడికి వినిపించి తీరాలని లీగ్ నియమం. చాటుమాటు తీర్పులు వద్దని ఆటగాళ్ళ సంఘం పోట్లాడి తెచ్చుకున్న హక్కు అది. బయట జరిగేదే యంత్రం లోపలా జరగాలి కాబట్టి, ముందునీడ పదేళ్ళ బతుకు కూడా ఆ మాట వినడంతోనే మొదలవుతుంది.

ఆ మధ్యాహ్నం పరీక్షకి వచ్చిన పేరు సాసుబిల్లి పైడితల్లి. సాలూరు దగ్గరి పిల్ల, పంతొమ్మిదేళ్ళు, కెరటాలు జట్టులోనే ఆడుతోంది. పిచ్చర్. అలాంటి చెయ్యి ఈ తీరంలో ఇంతవరకూ పుట్టలేదని పాత ఆటగాళ్ళే ఒప్పుకున్నారు. హైమవతి ఆమె ఆట ఒకటి చూసింది. తను విసిరిన బంతినొకదాన్ని బ్యాటు పట్టినవాడు బాదాక ఆ పిల్ల తల దించుకుని, అరచెయ్యి తొడకి రాసుకుంది. హైమవతి చెప్పిన తొలిమాట ఇది: "చెయ్యి గొప్పది. ఒత్తిడిలో మాత్రం చెదిరిపోతుంది."

తెర వెలిగింది. ఇరవై తొమ్మిదేళ్ళ పైడితల్లి కనిపించింది. ముఖం కాస్త నిండింది, కణతల దగ్గర ఒకటి రెండు తెల్లవెంట్రుకలు. నీడకి అనుమానం రాకుండా యంత్రం హైమవతి ముఖానికి కూడా పదేళ్ళ వయసు కలిపి చూపిస్తుంది. తెర మూలన ఆ ముసలి ముఖం చూడటం ఇష్టం లేక ఆమె అక్కడో కాగితం ముక్క అంటించుకుంది.

"బాగున్నావా పైడితల్లీ?"

"బాగానే ఉన్నానమ్మా. మీరే బాగా సిక్కిపోనారు."

"కిందటేడు ఫైనల్ సంగతి చెప్పు."

"ఏటి సెప్పమంటారు? తొమ్మిదో ఇన్నింగ్సు. మేమే ముందున్నాం. బంతి కిందెట్టీసి దిబ్బ దిగిపోనాను. మరి ఎక్కనేదు."

"చెయ్యి నొప్పి చేసిందా?"

"నేదు."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవులేటంటారు? అందరూ నా పేరే అరుస్తన్నారు."

"మరెందుకు దిగిపోయావు?"

నీడ ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. "మీరే సెప్పినారు గదమ్మా. నా పంతొమ్మిదో ఏట, ఎదురుగా కూకోబెట్టి. ఒత్తిడిలో సెదిరిపోతానని. ఆ పొద్దు నుంచీ నాను సూత్తానే ఉన్నాను. ఈ ఆటలోనా, వచ్చే ఆటలోనా అని. గెలిసిన పెతిసారీ, ఇయ్యాల కాదన్నమాట అనుకునేదాన్ని. ఎదురుసూసి ఎదురుసూసి ఇసుగొచ్చీసింది. ఆయేల నా మనసు ఎంతో నిమ్మళంగా ఉంది. అదేదో నానే సేసీత్తే, ఇంక రాదు గదా అనిపించింది."

ఇలా అని నవ్వింది. బరువు దించుకున్న మనిషి నవ్వు.

"ఇంక నానెల్లొచ్చా అమ్మా?" అని అడిగింది నీడ.

"వెళ్ళిరా," అంది హైమవతి. ఎక్కడికీ వెళ్ళడానికి లేదని ఆమెకు తెలుసు. పక్క బల్ల దగ్గర కూర్చున్న యంత్ర నిపుణుడు సలాది మార్కండేయులు మీట నొక్కాడు. తెర నల్లబడింది.

"రిపోర్టు పంపేద్దామా?" అన్నాడతను. "మీరన్నట్టే వచ్చింది, ఎప్పటిలాగే."

"తొలిమాట మార్చి మళ్ళీ నడపండి."

"ఏమని మార్చను?"

"ఎంత ఒత్తిడినైనా తట్టుకుంటుంది అని."

మార్కండేయులు వింతగా చూశాడు గానీ నడిపాడు. రాత్రికి మరో పైడితల్లి తెర మీదకి వచ్చింది. అదే ముఖం, అవే తెల్లవెంట్రుకలు. కూర్చున్న తీరు మాత్రం వేరు. ఫైనల్ గురించి అడిగితే, "ఓడిపోనామమ్మా. ఆకరి బంతి దాకా నానే ఏసినాను. ఆడెవుడో గాని బాగా కొట్టినాడు," అని తేలిగ్గా చెప్పి, ఇంట్లో పిల్లకి జ్వరమని, తొందరగా వదిలేయమని అడిగింది. ఆమెని తుడిచేస్తున్నప్పుడు మార్కండేయులు తల పక్కకి తిప్పుకున్నాడు.

మర్నాడు, ఆ మర్నాడు భద్రపరిచి ఉంచిన పాత ఆటగాళ్ళ మూల నకళ్ళు బయటికి తీసి, తొలిమాటలు తిరగేసి నడిపారు. తాగుడుకి బానిసవుతాడన్నవాడికి, నిగ్రహం ఉన్నవాడని చెప్పారు. వాడు పదేళ్ళూ మజ్జిగ తాగి బతికాడు. జట్టుకి పెద్దదిక్కవుతాడన్నవాడికి, పొగరుబోతని చెప్పారు. వాడు అందరితోనూ తగాదా పడి ఒంటరివాడయ్యాడు. బంతి వేగం మారలేదు, భుజాలు మారలేదు. బతుకులు మారిపోయాయి.

"మా నాయనమ్మ ఇంట్లో అశుభం పలకనిచ్చేది కాదండీ," అన్నాడు మార్కండేయులు. "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, వింటారు అనేది. మనం ఆ దేవతలకి కరెంటు కనెక్షన్ ఇచ్చాం."

హైమవతి నవ్వలేకపోయింది. ఆ తాగుడు మనిషి నీడ మాత్రమే కాదు, బయట అసలు మనిషి కూడా ఉన్నాడు. అతని ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పింది తనే. అతను నిజంగానే తాగి, ఆట పోగొట్టుకుని, ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఒక్కసారీ తప్పని తన అంచనాలన్నీ ఆమెకు వరసగా గుర్తొచ్చాయి.

నేరుగా జట్టు జనరల్ మేనేజర్ గొర్లె శ్యామసుందరరావు గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన చెరుకురసం తాగుతూ ఓపిగ్గా విన్నాడు.

"తెలుసండి," అన్నాడు గ్లాసు పక్కన పెట్టి.

"ఏం తెలుసు?"

"మనం ఇచ్చేసిన వాళ్ళలో ఇంకో జట్టుకెళ్ళి బాగుపడినవాడు ఒక్కడున్నాడా, చెప్పండి. మార్పిడి అంటే ఏమిటండీ? మంచి సరుకు తెచ్చుకోవడం సగమే. మనం ఇచ్చిన సరుకు అవతలివాడికి పనికిరాకుండా పోవడం మిగతా సగం."

"నేను చూసింది చూసినట్టే చెప్పాను. మీరు చెప్పమన్నట్టు ఏనాడూ చెప్పలేదు."

"అయ్యో, నేనెందుకు చెప్పమంటానండీ? మీరు పెద్ద డాక్టరు." ఆయన గొంతులో వెటకారం లేదు, అదే ఆమెని భయపెట్టింది. "మీరు ఆటకి వెళ్ళే ముందు ఏదో ఒక ముక్క మీ చెవిన పడేలా చూసేవాణ్ణి, అంతే. పైడితల్లి ఆటకి వెళ్ళేటప్పుడు లిఫ్టులో ఏమన్నాను? ఆ పిల్ల కాస్త బెదురు మనిషటండి, చూడండి అన్నాను. మీరు వెళ్ళి బెదురు చూసొచ్చారు."

హైమవతికి ఆ అరచెయ్యి గుర్తొచ్చింది. చెమట తుడుచుకుని ఉండొచ్చు. అదసలు ఆమెకు తట్టనే లేదు.

"కటక్ జట్టువాళ్ళు ఆ పిల్లని అడుగుతున్నారండి," అని ఆయన మళ్ళీ మొదలెట్టాడు. "బదులుగా బ్యాటు వెనక బంతి అందుకునే వాళ్ళ క్యాచర్‌ని ఇస్తారట. మనకి అతను కావాలి. ఈవిడ రేపు అక్కడికెళ్ళి మన మీదే బంతులేసి గెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? నియమం ప్రకారం మీ తొలిమాట వినిపించేయండి. కొత్తగా ఏమీ కల్పించక్కర్లేదు, మీరన్న మాటే కదా."

"నేను చెప్పను."

"మీరు కాకపోతే ఇంకొకరు చెబుతారు. ఎవరో ఒకరు చెప్పి తీరాలి కదండీ."

ఇంకొకరు చెప్పకముందే తనే చెప్పాలని హైమవతి నిశ్చయించుకుంది. మర్నాడు పొద్దున్నే పైడితల్లిని తన గదికి పిలిపించింది. ఒక్క మంచి మాట చాలు, ఈ పిల్ల బతుకు నిలబడుతుంది. యంత్రంలో కళ్ళారా చూసింది. తన చేతిలో ఉన్న పని ఇదొక్కటే, ఇది చేస్తే మిగతా పాపాల్లో కొంతయినా కడుక్కుపోతుందని ఆశపడింది.

పైడితల్లి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ ముఖం, ఇంకా పిల్లతనం పోలేదు.

"నీ పరీక్ష అయింది," అంది హైమవతి. "నువ్వు ఎంత ఒత్తిడినైనా తట్టుకుంటావు. చివరి బంతి దాకా నిలబడతావు."

ఆ పిల్ల ముఖం వెలిగింది. కాసేపే. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి.

"మరి నన్నెందుకు కటకోళ్ళకి ఇచ్చేత్తన్నారమ్మా? పాలిచ్చే గేదిని ఎవులైనా సంతకి తోల్తారేటి?"

దీనికి ఏ అబద్ధం చెప్పినా ఈ పిల్ల పట్టేస్తుందనిపించింది. అబద్ధాలతో జరిగిన అనర్థం చాలనీ అనిపించింది. హైమవతి మొత్తం చెప్పేసింది. యంత్రం సంగతి, మాట వల్ల మనిషి మారడం సంగతి, శ్యామసుందరరావు లిఫ్టులో చేసిన పని, అన్నీ. దిబ్బ దిగిపోయిన నీడ ఊసు, తను మొదట అన్న మాట, ఈ రెండూ దాచింది. పైడితల్లి కదలకుండా వింది.

"అయితే ముందర మీరు నా గురించి ఏటన్నారు?"

"అది ఇప్పుడెందుకమ్మా?"

"అన్నీ సెప్తన్నారు గదా. అదీ సెప్పండి."

హైమవతి కుర్చీ ముందుకు జరుపుకుంది. చెప్పకపోతే ఊహించుకుంటుంది, ఊహ ఇంకా చెడ్డది. "ఒత్తిడిలో చెదిరిపోతావన్నాను. తప్పు అన్నాను. అది నా మాట కూడా కాదు, ఆయన నా చెవిలో వేసిన మాట. నేను నిజంగా నమ్ముతున్నది రెండోదే."

పైడితల్లి ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. లెక్క సరిచూసుకునే మనిషిలా మెల్లగా అంది.

"రెండోది నన్ను బాగుసెయ్డానికి అంటన్నారమ్మా. మీరు మంచోరు, అందుకే అంటన్నారు. మొదటిది మీరు నా ఆట సూసి అన్నారు. అప్పుడు నాను మీకేటీ కాను. ఏటీ కానోళ్ళ గురించి అబద్దమెందుకు సెప్తారు?"

"పైడితల్లీ, నా మాట విను..."

"ఇన్నానమ్మా." లేచి నిలబడి, పెద్దవాళ్ళకి దండం పెట్టినట్టు రెండు చేతులూ జోడించింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగినప్పుడు ఆ చూపులో భయం లేదు. ఎవరో వస్తారని చెబితే ఏ బండికి వస్తారని అడిగే మనిషి చూపు అది.

"నాను ఎప్పుడు సెదిరిపోతానో అది కూడా యంత్రంలో సూసినారా?"

హైమవతి తల దించుకుని బల్ల మీది కాగితాలు సర్దింది. పైడితల్లి ఆ కాగితాల వైపు, ఆమె ముఖం వైపు చూసింది. తర్వాత తెలిసిందన్నట్టు తల ఊపి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.