కనుగింజల మీద మన్ను

హంపమ్మ కదిరి బస్సెక్కేసరికి, లోపల కూర్చున్నవాళ్లంతా ఆమె చేసిన తప్పునే పాఠంగా వింటున్నారు.

"ఒక యజమానురాలు అడవి శుభ్రంగా ఉండాలని రాలిన ఆకులన్నీ ఊడ్చి కుప్పవేసి కాల్చింది. ఆ ఆకుల నీడలో మొలకెత్తుతున్న తపసి, నారేపి మొక్కలు మాడిపోయాయి" అంటూ వనబోధిని గొంతు ఎవరినీ నొప్పించనంత మెత్తగా సాగుతోంది. అది పేర్లు చెప్పదు. కానీ ముందున్న తెర మీద గుట్ట కనిపిస్తోంది. దాని నెత్తిన ఎద్దు కొమ్ములా నిలబడిన బండ ఎవరిదో ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. కిటికీ పక్కనున్న ముసలాయన ఆమెను చూసి జరిగి చోటిచ్చాడు.

"కూచో తల్లీ. తెలీక చేసినావు, అంతే కదా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండుననిపించింది హంపమ్మకు. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది.

బీడుపడిన గుట్టలను చిట్టడవులుగా పెంచమని కుటుంబాలకు పంచి ఒక తరం దాటింది. పంచడం తేలికే. అడవి పెంచడం ఎవరికి వచ్చు? అందుకే వనబోధిని అనే ఈ మాట్లాడే యంత్రం పుట్టింది. చెట్టు చెట్టుకూ సీతాఫలం గింజంత కనుగింజ అతికిస్తారు. అది చూసిందంతా వనబోధినికి చేరుతుంది. ఒకరి గుట్ట మీద జరిగిన మంచీ చెడూ మర్నాటికల్లా అందరికీ పాఠమవుతుంది. దాని పుణ్యమా అని గుట్టలు నిజంగానే పచ్చబడ్డాయి. పెరట్లో నాలుగు పూలమొక్కలు పెట్టుకునేవాళ్లు కూడా సీతాకోకచిలుకల కోసం జిల్లేడును పీకకుండా వదలడం నేర్చుకున్నారు. హంపమ్మ కూడా అట్లా నేర్చుకున్నదే. ఆకులు కాల్చిన తరువాత మాత్రం ఆమె మిగతావాళ్లకు తోటి విద్యార్థి కాకుండా పోయింది. వాళ్లు ఇప్పటికీ మళ్లీ మళ్లీ చదువుకునే పాఠమైంది.

అందుకే మొన్న వేసవి చివర, వంక ఒడ్డున తెల్లమద్ది మాను బెరడు పగిలి కాటుకలాంటి రసం కారడం చూసినప్పుడు, ఆమెకు ముందు చెట్టు గురించి కాదు, తెర గురించి భయమేసింది. వేలితో తాకింది. పులిసిన కల్లు వాసన. కనుగింజ మానుకు అటువైపు ఉంది. రసం ఇంకా దాని చూపుకు అందలేదు. హంపమ్మ పుట్టమన్ను తడిపి తెచ్చి కనుగింజ మీద మెత్తింది. చెదలు బెరడు మీద మన్ను కట్టడం మామూలే గనక, చూపు మూసుకున్న కనుగింజను వనబోధిని చెదల ఖాతాలో వేసుకుంటుంది. ఆ సంగతి ఆమెకు పాఠంలోనే తెలిసింది.

ఆ తరువాత కొద్దిరోజులకే జైబున్నీసా గంపలు పట్టుకుని వచ్చింది. వంకకు అవతల ఆమెది నాటుమొక్కల తోట. మంచి పాఠాల్లో సగం ఆ తోటవే. కొత్తగా గుట్ట పట్టినవాళ్లందరికీ మొక్కలు వెళ్లేది అక్కడినుంచే. ఏటా మాదిరిగానే మొక్కల సంచుల్లోకి ఆకుమన్ను కావాలని వచ్చి, సరిగ్గా ఆ మద్ది కిందే కూర్చుంది.

"నీ మన్ను వెన్న మాదిరి ఉంటుంది హంపీ."

తెగులు సంగతి చెప్పాలని హంపమ్మ నోరు తెరిచింది. "ఎండగా ఉందక్కా, మజ్జిగ తెస్తా" అని లోపలికి పోయింది. గంపలు నిండేదాకా బయటికి రాలేదు.

వానలు మొదలయ్యాక తెగులు ఒక మాను నుంచి మరో మానుకు పాకింది. పాకిన చోటల్లా ఆమె మన్ను మెత్తుతూ వచ్చింది. ఊళ్లో అడిగితే ఎందుకని అడుగుతారని, తెగులు మందుగా మైలుతుత్తం కొనడానికి ఈవేళ కదిరి బయలుదేరింది.

బస్సులో పాఠం ముగిసి, తెర మీదికి సీమ పటం వచ్చింది. "ఈ ఏడు చెదల ఉధృతి మునుపెన్నడూ లేనంతగా ఉంది" అంది వనబోధిని. పటం నిండా నల్లచుక్కలు. హంపమ్మ గుట్ట దగ్గరే కాదు, ఎక్కడెక్కడో, ఆమె కాలుపెట్టని ఊళ్లలో కూడా.

ఇంత వానలో చెదలా?

ఆ ఊళ్లన్నీ తన గుట్ట మన్నులో పెరిగిన జైబున్ మొక్కలు వెళ్లిన ఊళ్లే. అక్కడా తన మాదిరే మన్ను మెత్తుతున్నారని అర్థమైంది హంపమ్మకు. తరువాతి స్టాపులో దిగి, ఎదురుగా వస్తున్న బండెక్కి నేరుగా జైబున్ తోటకు వచ్చేసింది.

జైబున్ ఆమెను చూస్తూనే తోట వెనకవైపు దడి తలుపు చేరవేసి వచ్చింది. "టీ పెడతా, కూచో."

"వద్దక్కా. ముందు నన్ను చెప్పనీ. నువ్వు మన్ను ఎత్తుకున్నావే, ఆ మద్దికి అప్పటికే తెగులు ఉండింది. నాకు తెలుసు. మజ్జిగ వంక పెట్టి ఇంట్లో దాక్కున్నా."

జైబున్ తిడుతుందనుకుంది. ఆమె వెళ్లి దడి తలుపు తీసింది. లోపల వరసగా మద్దులు, ఏపులు. ప్రతి కనుగింజ మీదా మన్ను. వేళ్ల ముద్రలు కూడా చెరగలేదు.

"మొక్కలు బండెక్కించేటప్పుడే చూసినా" అంది జైబున్. "కొన్నిటికి కాడలు నల్లబడి ఉండె. వాటిని పీకేసి తక్కినవి పంపించినా. ఇన్నేండ్లూ నా తోటను చూసి నేర్చుకోండన్నారు. ఇప్పుడు నా తోటను చూసి భయపడండి అంటే ఎట్ల ఓర్చుకునేది?"

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నువ్వు చెప్పినావా?"

హంపమ్మ కొంగు తడిపి ఒక కనుగింజ మీది మన్ను తుడిచింది. ఆపబోయినట్టు జైబున్ చెయ్యి లేచింది గానీ, ఆపలేదు.

"రేపటికి పాఠం వచ్చేస్తుంది" అంది జైబున్.

"వస్తుంది. ఎవరివల్లనో మాత్రం చెప్పదు. అది మనమే పోయి చెప్పాల."

ఆ మొక్కలు వెళ్లినవాటిలో అన్నిటికన్నా దగ్గరున్న గుట్ట చైత్రది. పెళ్లయిన కొత్తలోనే మొగుడూ పెళ్లాలు ఇష్టపడి తీసుకున్న గుట్ట. చైత్ర వాకిట్లోనే ఉంది. వాళ్లిద్దరినీ చూడగానే మన్ను అంటిన చేతులు వెనక్కి దాచుకుంది. వాళ్లు నోరు విప్పకముందే ఏడుస్తూ మొదలుపెట్టింది.

"తిట్టొద్దక్కా. మీరిచ్చిన మొక్కలన్నీ చంపుకున్నా. నీళ్లు ఎక్కువ పోసినానో, గుంత లోతు చాల్లేదో. పాఠాలన్నీ మళ్లీ మళ్లీ విన్నా, ఎక్కడ తప్పు చేసినానో తెలీలేదు. మా గుట్టను అందరికీ చూపిస్తారని మన్ను పూసినా. మనకు అడవి అచ్చిరాదు, తిరిగి ఇచ్చేద్దామంటున్నాడు మా ఆయన."

హంపమ్మే చెప్పింది. మద్ది సంగతి, మన్ను సంగతి, గంపలు, మజ్జిగ, బండెక్కిన మొక్కలు. తన వంతు ఎక్కడా తగ్గించుకోలేదు. జైబున్ వంతు వచ్చినప్పుడు జైబున్ తల ఊపింది.

చైత్ర చివరిదాకా విన్నది.

"అన్ని పాఠాలూ విన్నానే... ఇది ఎందులోనూ లేదే అక్కా" అంది, ఇంకా అర్థం కానట్టు.

"లేకుండా చేసింది మేమేనమ్మా" అంది హంపమ్మ.

చైత్ర ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. ఏడుపు ఆగిపోయింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మూసిన తలుపు ముందు ఇద్దరూ అట్లాగే నిలబడిపోయారు. ఇంకా వెళ్లాల్సిన గడపలు చాలా ఉన్నాయి. "పద అక్కా" అని హంపమ్మ ముందు నడిచింది.