కోడలికి లేని యూనియన్

పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వంతా పారాయి. డెయిరీకి వచ్చే ట్యాంకర్లన్నిటికీ పరీక్ష పెట్టి, ఈ పాలు పనికొస్తాయి, ఈ పాలు పనికిరావు అని తేల్చి చెప్పే శ్రీజ, సొంత ఇంట్లో గిన్నెడు పాల ముందు నిలబడి కూడా చూసుకోలేకపోయింది.

"పోనీలే అమ్మా, పాలు పొంగితే శుభమే," అంటూ అత్తగారు జయలక్ష్మి గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

"శుభమో కాదో సోమవారం తెలుస్తుంది అత్తయ్యా," అంది శ్రీజ.

సోమవారం ఆమె మీద ఎంక్వైరీ. ఉద్యోగం నిలుస్తుందో ఊడుతుందో ఆ రోజే తేలుతుంది. తెనాలి డెయిరీ ల్యాబ్‌లో చేరిన నాటి నుంచి ఒక్క మాట పడని మనిషిని ఇప్పుడు సస్పెండ్ చేసి ఇంట్లో కూర్చోబెట్టారు. జరిగింది ఇంతే. ఒక తెల్లవారుజామున, పాలు చల్లబరిచి నిలవ ఉంచే రేపల్లె శీతల కేంద్రం నుంచి ట్యాంకర్ వచ్చింది. శ్రీజ కాసిని పాలు తీసి మరగబెట్టి చూస్తే విరిగిపోయాయి. "ఇవి దించకండి సార్," అని షిఫ్టు ఇంచార్జి కృష్ణకాంత్‌కి చెప్పింది. ఆమె ఆ మాట కాగితం మీద పెట్టేలోపే ఆయన పాలు దింపించేశాడు. పెద్ద ట్యాంకులో ఉన్న మంచి పాలు కూడా వాటితో పాటే పాడైపోయాయి. తీరా మేనేజ్‌మెంట్ నిలదీస్తే, ల్యాబ్ అమ్మాయి సరేనంటేనే దింపించానన్నాడు కృష్ణకాంత్. ఆ షిఫ్టులో ల్యాబ్‌లో ఉన్నది శ్రీజ ఒక్కతే. ఆయన మాటకి ఈమె మాట, అంతే.

ఇలాంటి వేళలోనే కదా యూనియన్ కావాలి. ఆ యూనియన్ ప్రెసిడెంటు నరసింహారావు. శ్రీజకి స్వయానా మామగారు.

ఆయన స్నానం చేసి, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని టిఫిన్‌కి కూర్చున్నాడు. శ్రీజ పెసరట్టు వడ్డించి, అల్లం పచ్చడి వేసి, ఎన్నాళ్ళుగానో గొంతులో ఆడుతున్న ప్రశ్న అడిగేసింది.

"మామయ్య గారూ, సోమవారం నాతో లోపలికి ఎవరొస్తున్నారండి?"

"ఎవరూ రారమ్మా."

"అదేంటండి?"

"నువ్వు నా కోడలివి. నీ తరఫున యూనియన్ దిగితే, ప్రెసిడెంటు సొంత మనిషిని కాపాడుకున్నాడంటారు. నీ దగ్గర నిజముంది. వెళ్ళి చెప్పు. చాలు."

"నిజం ఒక్కటే చాలితే మనకి యూనియన్ ఎందుకండి?"

ఆయన పెసరట్టు సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. పక్కనే కూర్చున్న కొడుకు, శ్రీజ భర్త విష్ణువర్ధన్ లేచి, తన మోటారు వైండింగ్ షాపు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు డెయిరీ ఊసు మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు.

ఎంక్వైరీ గదిలోకి కార్మికుడు ఒంటరిగా వెళ్ళకూడదన్న పద్ధతి తెచ్చినవాడు నరసింహారావే. పూర్వం మనిషిని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ ఇచ్చి, భయపెట్టి, సంతకం పెట్టించుకుని పంపేవారు. ఆయన గేటు ముందు బైఠాయించి ఆ ఆట కట్టించాడు. ఇప్పుడు యూనియన్ మనిషి పక్కన కూర్చుంటాడు, ఎదురు ప్రశ్నలు వేస్తాడు, సాక్షుల్ని పిలిపిస్తాడు. ఒంటరిగా వెళ్ళినవాడు మాత్రం అడిగినదానికి జవాబు చెప్పి రావడమే. అంత మంచి పద్ధతి తెచ్చిన పెద్దమనిషి, దాని పక్కనే తనదంటూ ఇంకో పద్ధతి పెట్టుకున్నాడు. తన ఇంటివాళ్ళకి యూనియన్ లేదు. జనం దీన్ని నిజాయితీ అన్నారు. శాలువా కప్పిన ప్రతిసారీ ఈ ముక్కే చెప్పి చప్పట్లు కొట్టారు. దీపం కిందే చీకటి అంటే ఇదే మరి.

శ్రీజ ఊరుకోలేదు. అమృతలూరు ఆడపిల్ల, అంత తేలిగ్గా ఊరుకునే రకం కాదు. శనివారం రేపల్లె ప్యాసింజరెక్కి శీతల కేంద్రానికి వెళ్ళింది. అక్కడ మిషన్ల దగ్గర పనిచేసే శాలేమురాజు యూనియన్ ఉపాధ్యక్షుడు, మామగారికి పాత స్నేహితుడు. ఆమెని చూడగానే ఆయన మొహం వాడిపోయింది.

"రా అమ్మాయ్, కూర్చో. ఎండన పడొచ్చావు. మజ్జిగ తాగుతావా?"

"మజ్జిగ వద్దు బాబాయ్. సోమవారం నాతో వస్తావా?"

"మీ మామ వద్దన్నాడమ్మా. ప్రెసిడెంటు మాట కాదని నేనెలా వచ్చేది?"

"ఆ పాలు ఇక్కణ్ణించేగా వచ్చాయి. అసలేం జరిగింది బాబాయ్?"

"ఏముందమ్మా, ఆ రాత్రి కరెంటు పోయింది. జనరేటరు స్టార్ట్ కాలేదు. పాలు వెచ్చబడ్డాయి. డ్రైవరు ఆగకుండా బండి తీసుకెళ్ళిపోయాడు. నేను వెంటనే కృష్ణకాంత్ సార్‌కి ఫోన్ చేశాను. పాలు తేడాగా ఉన్నాయి, దించద్దు అని చెప్పాను."

"మరి ఈ మాట ఎవరికీ చెప్పలేదేంటి?"

"చెప్పానమ్మా. మొదట మీ మామకే చెప్పాను. మా ఇంటి విషయం, నువ్వు కలగజేసుకోకు అన్నాడు." శాలేమురాజు కళ్ళెత్తలేకపోయాడు. మళ్ళీ తనే అన్నాడు, "రేపు బాపట్లలో సర్వసభ్య సమావేశం ఉంది. అక్కడ ఏ సభ్యుడైనా లేచి అడగొచ్చు. సభ తేల్చిందంటే ప్రెసిడెంటైనా తలొంచాలి. నువ్వు అడుగమ్మా. అడిగితే నేను కూర్చునుండను."

తిరిగి తెనాలి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. మామగారు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. శ్రీజ చెప్పులు కూడా విప్పలేదు.

"ఆ పాల సంగతి మీకు ముందే తెలుసా మామయ్య గారూ?"

ఆయన పేపరు మడిచాడు. "తెలుసు."

"తెలిసీ నన్ను ఒంటరిగా పొమ్మన్నారా?"

"నా స్థానంలో ఉంటే నీకు తెలిసేది. ఇన్నేళ్ళు ఒక్క వేలు నావైపు చూపించనివ్వలేదు. ఇప్పుడు రిటైరయ్యే ముందు ఈ మచ్చ నాకెందుకు?"

"అయితే రేపు బాపట్ల వస్తున్నానండి. సభలో అడుగుతాను."

"ఇంటి పరువు తీసుకెళ్ళి మైకులో పెడతావా?" ఆయన గొంతు లేచింది.

లోపల్నుంచి జయలక్ష్మి వచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి మొగుడికి ఎదురు చెప్పని ఆ ఇల్లాలు, గుమ్మం మధ్యలో నిలబడి నడుముకి కొంగు దోపింది.

"పెట్టనివ్వండి! పరువు మీ ఒక్కరికేనా ఉంది? మీరు వెళ్ళరు. వెళ్తానన్న శాలేమురాజు అన్నయ్యనీ వెళ్ళనివ్వరు. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ యవ్వారం. నా కొడుకు డెయిరీలో టెంపరరీగా చేస్తున్నప్పుడు ఏం చేశారు? వెనకొచ్చినవాళ్ళందరినీ పర్మనెంటు చేసి వాడొక్కణ్ణీ వదిలేస్తే నోరు విప్పారా? ఎవరి పిల్లలకోసమో గేటు దగ్గర ఎండలో కూర్చున్నారు. నా పిల్లాడు ఆ గేటు బయటే ఉండిపోయాడు. ఆ రోజు నేను నోరు మూసుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఈ రోజు మూసుకోను!"

అప్పుడే షాపు మూసి వచ్చిన విష్ణు గేటు దగ్గరే నిలబడిపోయాడు. తండ్రి అతనికేసి చూశాడు. విష్ణు చూపు తిప్పుకుని భార్యతో మాత్రం ఒక మాటన్నాడు.

"పొద్దున్నే బయల్దేరదాం. నేను దింపుతాను."

ఆదివారం బాపట్ల రోడ్డంతా సూర్యలంక బీచికి పోయే జనంతో కిటకిటలాడుతోంది. సమావేశం పెట్టిన కల్యాణ మండపంలో ఫ్యాన్లు తిరుగుతున్నాయే గానీ గాలి రావడం లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి వచ్చినవాళ్ళతో హాలు నిండిపోయింది. విష్ణు సభ్యుడు కాదు గనుక వాకిట్లోనే ఉండిపోయాడు. రిపోర్టులు చదివారు, చప్పట్లు కొట్టారు. ఇంకెవరైనా మాట్లాడతారా అని మైకులో అడగ్గానే శ్రీజ లేచింది. మైకు దగ్గరికి నడిచింది.

"నా పేరు శ్రీజ. తెనాలి ల్యాబ్. సోమవారం నా మీద ఎంక్వైరీ ఉంది. అందరితో పాటు నాకూ ఒక మనిషిని తోడివ్వమని అడుగుతున్నాను. ప్రెసిడెంటు గారి కోడలినని ఇవ్వనన్నారు."

హాల్లో గుసగుసలు లేచాయి. బాపట్ల కేంద్రం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ఇది మామాకోడళ్ళ తగువమ్మా, ఇంట్లో తేల్చుకోండి!" అని అరిచాడు. ఆయనతో పాటు కొందరు నవ్వారు.

శ్రీజ ఆయనవైపు తిరిగింది. "బాబాయ్, రేపు మీ అబ్బాయి ఇక్కడ పనిలో చేరతాడు. మీరు ఆ ప్రెసిడెంటు కుర్చీలో ఉంటారు. వాడి మీద తప్పుడు నింద పడితే, నా కొడుకైనందుకు అనుభవించు అంటారా?"

పెద్దాయన నవ్వు ఆగిపోయింది.

"నెలనెలా నా జీతంలోంచి చందా కోసుకున్నప్పుడు, నువ్వెవరి కోడలివని ఎవరూ అడగలేదే! సమ్మెలో నన్నూ గేటు ముందు కూర్చోబెట్టారు. అప్పుడు సభ్యురాలినే. ఇప్పుడు కష్టమొస్తే మాత్రం కోడలినైపోయానా? పక్షపాతమంటే మనవాళ్ళకి రెండు ముద్దలు ఎక్కువ పెట్టడం ఒక్కటే కాదండీ. పది మందికీ వడ్డించి, మనవాళ్ళ విస్తరి మాత్రం లాగెయ్యడం కూడా పక్షపాతమే. మా మామయ్య గారిని నాకు సాయం చెయ్యమని అడగట్లేదు. నా విషయంలో ఆయన పక్కకి తప్పుకుంటే చాలు. నాకు తోడు ఇవ్వాలా వద్దా అన్నది మీరు తేల్చండి. వద్దంటే ఒంటరిగానే వెళ్తాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరి కళ్ళూ వేదిక మీదికి వెళ్ళాయి. నరసింహారావు లేచి మైకు అందుకున్నాడు. మేనేజ్‌మెంట్‌ని గడగడలాడించిన గొంతు అది. ఇప్పుడు చాలా మెల్లగా పలికింది.

"ఈ విషయంలో నేను ఈ కుర్చీలో కూర్చోకూడదు. ఆ బుద్ధి నాకు ముందే పుట్టాల్సింది. శాలేమురాజూ, నువ్వొచ్చి సభ నడుపు."

వేదిక దిగి, హాలు చివర గోడవార బెంచీ మీద కూర్చున్నాడు.

శాలేమురాజు మైకు ముందు నిలబడ్డాడు. "శ్రీజకి యూనియన్ తోడు ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు. ముందు లేచింది, ఇంట్లో తేల్చుకోమన్న బాపట్ల పెద్దాయన చెయ్యి. ఆ తర్వాత ఎవరి చెయ్యి ముందో ఎవరిది వెనకో చెప్పడానికి లేదు. హాలంతా లేచిన చేతులే. సొంతింటి విషయం గనుక నరసింహారావు ఒక్కడే చెయ్యెత్తలేదు. కండువాతో కళ్ళు మాత్రం ఒత్తుకున్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. శ్రీజకి ఆ వరుస కుదరలేదు. రచ్చ గెలిచాకే ఇంటికి వచ్చింది.

సోమవారం ఎంక్వైరీ గదిలో శాలేమురాజు ఆమె పక్కన కూర్చున్నాడు. కృష్ణకాంత్‌ని ఆయన పెద్దగా ఏమీ అడగలేదు.

"ఆ తెల్లవారుజామున నేను మీకు ఫోన్ చేశానా సార్? ఇదిగో, నా ఫోన్లో ఉంది. మీ ఫోన్లోనూ ఉంటుంది."

"చేశారు."

"ఏం చెప్పాను?"

కృష్ణకాంత్ మంచినీళ్ళు తాగాడు. "పాలు వెచ్చబడ్డాయని."

"దించద్దని కూడా చెప్పాను కదండి. ఇక్కడ ఈ అమ్మాయీ వద్దంది. మరెందుకు దించారు?"

"ప్యాకింగ్ ఆగిపోతే పైనుంచి తిడతారని... ఏం కాదులే అనుకున్నాను." కృష్ణకాంత్ తల వంచుకున్నాడు.

ఇంకేం మిగిలింది? ఎంక్వైరీ చేస్తున్న అధికారి అక్కడికక్కడే సస్పెన్షన్ ఎత్తేశాడు. పనిలేకుండా కూర్చున్న రోజులకీ పూర్తి జీతం ఇస్తామన్నాడు.

శ్రీజ బయటికి వచ్చేసరికి గేటు దగ్గర షిఫ్టు దిగినవాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. ఆమె మొహం చూడగానే వాళ్ళకి సంగతి అర్థమైంది. ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి కావలించుకున్నారు. గెలిచినవాళ్ళ పేరు గేటు దగ్గర ప్రెసిడెంటు ఎలుగెత్తి పలకడం వాళ్ళ ఆనవాయితీ. అందరూ నరసింహారావుకి దారిచ్చారు. ఆయన చెయ్యి పైకెత్తాడు గానీ, పేరు పలక్కుండానే ఎత్తిన చెయ్యి దించి కోడలి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా చొక్కా మీద మరక పడకూడదని నిన్ను బురదలో నిలబెట్టానమ్మా. దాన్ని నిజాయితీ అనుకున్నాను. కాదు. నా పేరు మీద నాకున్న మమకారం అది. నన్ను క్షమించు."

"అంత మాటెందుకు మామయ్య గారూ," అంటూ శ్రీజ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఇన్ని రోజులూ రాని ఏడుపు ఆమెకి అప్పుడొచ్చింది.

గేటు అవతల, రోడ్డు మీద బైకు ఆపుకుని విష్ణు నిలబడి ఉన్నాడు. నరసింహారావు గేటు దాటి కొడుకు దగ్గరికి వెళ్ళాడు. అంతమందీ చూస్తుండగా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ విషయంలో కూడా ఇదే తప్పు చేశాను రా. అప్పుడు ఎవరూ లేచి నన్ను అడగలేదు. అడక్కపోయినా నాకు తెలియాలి. తెలిసీ ఊరుకున్నాను."

విష్ణు తండ్రి చేతి మీద తన చెయ్యి వేశాడు. "నాన్నా, వాళ్ళు ఎదురు చూస్తున్నారు. పేరు పలకండి," అన్నాడు.

నరసింహారావు అక్కడే, కొడుకు పక్కనే నిలబడి, జనంవైపు తిరిగి పిడికిలెత్తాడు.

"మన యూనియన్ సభ్యురాలు, శ్రీజ!"

"జిందాబాద్!"

ఆ కేకకి గేటు ముందు ఆగిన ఆటోవాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. యూనియన్ పేరెత్తితేనే మొహం తిప్పుకునే విష్ణు, గేటు బయట నిలబడి అందరికంటే గట్టిగా అరిచాడు.