పన్నెండో మగ్గం ఫైలు

పరమేశ్వర్ తల కీబోర్డు మీద ఉంది. తల వెనక భాగం లేదు.

రక్తం టేబుల్ అంచు నుంచి కారి కింద చెప్పుల్లో నిండింది. గోడ మీద చుక్కలు. ఫ్యాన్ రెక్క మీద చుక్కలు. గోడకు అంటించిన చీర డిజైన్ల మీద చుక్కలు. నేల మీద మూడడుగుల ఇనప పైపు పడి ఉంది. మగ్గం బీమ్ తిప్పే పైపు. ఒక చివర వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

జూలై 31, గురువారం. మధ్యాహ్నం 1:30.

సూరత్‌లో ఉధ్నా దగ్గర జాకార్డ్ ఫ్యాక్టరీ. కింద నలభై మగ్గాలు. పైన డిజైన్ రూమ్. మగ్గాలు నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. డిజైన్ మాస్టర్ పరమేశ్వర్ అరిచాడో లేదో ఎవరికీ తెలియదు.

శవాన్ని మొదట చూసింది మొండయ్య. తొమ్మిదో మగ్గం కార్మికుడు. తల ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. షర్టంతా రక్తం అయింది. సెక్యూరిటీ గార్డు అతన్ని అలా ఉండగానే చూశాడు. 1:35కి మొండయ్యను గేటు స్తంభానికి తాడుతో కట్టేశారు. 1:55కి పోలీసు జీపు వచ్చింది.

సాయంత్రానికి కేసు తేలిపోయిందన్నారు.

మర్నాడు ఉదయం 11 గంటలకు క్రైమ్ బ్రాంచ్ సబ్ ఇన్‌స్పెక్టర్ నరహరి స్టేషన్‌కు వచ్చాడు. పుట్టింది సూరత్‌లోనే, తెలుగు నేతవాళ్లుండే డిండోలిలో. తండ్రి ముప్ఫై ఏళ్లు మగ్గం నడిపాడు. నరహరి ఖాకీ వేసుకున్నాడు.

మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పక్కన టిఫిన్ డబ్బా. నరహరిని చూసి లేచింది.

"తెలుగోనివే గద సారూ?"

"అవునవ్వా. నువ్వెవలు?"

"లింగవ్వ. లోపలున్నోడు నా పెద్దకొడుకు. చిన్నోడు సోమారం సచ్చిండు. మగ్గం గుంజుకున్నది. పిట్టకు పెట్టేది ఇయ్యాల్నే, ఐదో దినం. నాకింకెవలున్నరు? పొద్దుమునిగే లోపల వీణ్ణి ఇడుస్తరా?"

నరహరి టిఫిన్ డబ్బా వైపు చూశాడు.

"ఇడువరా? జర సూటిగ చెప్పు. నేను ఏడ్వ."

"చూస్తనవ్వా."

"గట్లనే అంటరు అందరు." ఆమె మళ్లీ కూర్చుంది.

లోపల ఇన్‌స్పెక్టర్ గోహిల్ టీ తాగుతున్నాడు. ఒక కాగితం ముందుకు తోశాడు.

"క్లియర్ కేసు. నాలుగింటికి కోర్టు. సోమవారం పన్నెండో మగ్గం మీద సాయికుమార్ పోయాడు. వీడి తమ్ముడు. చెయ్యి అడ్డం వస్తే మగ్గం ఆగిపోవాలి. దానికో సెన్సర్ ఉంది. ఆగలేదు. చెయ్యి పోయింది, భుజం పోయింది, మెడ పోయింది. ఎందుకు ఆగలేదు? కంప్యూటర్‌లో ఆ మగ్గం సెట్టింగుల ఫైల్లో సెన్సర్ బంద్ చేసి ఉంది. ఎవరు చేశారు? ఇదిగో, చదువు."

ప్రింటవుట్‌లో ఒకే వరుస. ఫైలు పేరు లూమ్ 12. ఓనర్ పరమేశ్వర్. మార్చిన సమయం జూలై 24, ఉదయం 11:20.

"పరమేశ్వర్ సెన్సర్ ఆపాడు. తమ్ముడు చచ్చాడు. అన్నకు తెలిసింది. పైపు తీశాడు. అంతే."

"ఈ కాగితం ఎవరిచ్చారు?"

"ఫ్యాక్టరీ ఇంజినీరు. మన జీపు వెళ్లేసరికి ప్రింట్ తీసి పెట్టాడు. చురుకైనవాడు."

లాకప్‌లో మొండయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. కుడిచేతి వేళ్లు రెండు వాచి నల్లగా ఉన్నాయి. నరహరి ఊచల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"వేళ్లకు ఏమైంది?"

"లాఠీకి అడ్డం పెట్టిన సార్."

"పైకి ఎందుకు పోయినవ్?"

"మాస్టర్ రమ్మన్నడు. లంచ్‌ల ఒకటిన్నరకు రా, ఒకటి చూపిస్త అన్నడు."

"ఏం చూపిస్తనన్నడు?"

"చెప్పలే. మీ తమ్ముని తప్పేం లేదు, నీకు కండ్లతోని చూపిస్త అన్నడు. నేను పొయ్యేసరికే..."

"పైపు ముట్టినవా?"

"లే. తలకాయ ముట్టిన. గిట్ల లేపిన. మెదడు నా చేతులకచ్చింది సార్."

"ఫైలంటే తెలుసా నీకు?"

"నాకు మగ్గం తెలుసు. మీద రూంల కూసునేటోళ్ల పని నాకేం తెలుసు."

మధ్యాహ్నం 12:40. నరహరి డిజైన్ రూమ్‌లో ఉన్నాడు. రక్తం కడిగారు. వాసన పోలేదు.

కంప్యూటర్లన్నిటికీ అసలు మెషీన్ ఒకటే. సర్వర్ అంటారు. డిజైన్లు, నలభై మగ్గాల సెట్టింగులు అన్నీ అందులోనే. ముగ్గురు వాడతారు. ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లాలి. ఒకరు పరమేశ్వర్, పోయాడు. రెండోది సింధూజ, అసిస్టెంట్ డిజైనర్, ఇరవైనాలుగేళ్లు. మూడోవాడు ఇంజినీరు వంశీధర్.

వంశీధర్ తనే ఎదురొచ్చాడు. ఇస్త్రీ షర్టు. అంతకుముందు హజీరాలో ఒక స్టీల్ ప్లాంట్‌లో పని. అడాజన్‌లో ఫ్లాట్. ఇక్కడ చేరి మూడు నెలలు.

"మీరు తెలుగువారని చెప్పారండీ. చాలా సంతోషం. ఘోరం జరిగిపోయింది."

"సెన్సర్ ఆపితే ఎవరికి లాభం?"

"మగ్గం మాటిమాటికీ ఆగదండీ. ప్రొడక్షన్ పెరుగుతుంది. పరమేశ్వర్ గారు పాతకాలం మనిషి. తెలియక చేసుంటారు."

"జూలై 24న ఆయన డ్యూటీలో ఉన్నాడా?"

"ఉన్నారు సార్. కార్డు పంచ్ అయింది. నేను చెక్ చేశాను."

"ఎందుకు చెక్ చేశారు?"

వంశీధర్ కాలరు సర్దుకున్నాడు. "మీవాళ్లు అడుగుతారని."

"నిన్న ఒకటిన్నర తర్వాత ఎక్కడున్నారు?"

"నా క్యాబిన్‌లోనే. గోల వినపడింది, చూశాను, కళ్లు తిరిగాయి. నాకు రక్తం పడదండీ. 1:35కల్లా తలుపేసుకుని కూర్చున్నాను. జీపు వచ్చేదాకా బయటికి రాలేదు. నేను తలుపేసుకోవడం గార్డు కూడా చూశాడు."

నరహరి డైరీలో రాసుకున్నాడు. 1:35 నుంచి 1:55. క్యాబిన్. లోపల కంప్యూటర్. ఒక్కడే.

వంశీధర్ వెళ్లాక సింధూజ తలుపు దగ్గరకు వేసింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది.

"అంకుల్ అట్ల చెయ్యరు సార్. సచ్చీ బోల్తీ హూఁ, నిజం చెప్తున్న. సెన్సర్ బంద్ చెయ్యమని శేఠ్ చెప్పినా చెయ్యరు."

"కాగితం మీద ఆయన పేరుంది."

"పేరుంటే ఏమైతది?"

నరహరి గోడ వైపు తిరిగాడు. గుజరాతీ క్యాలెండర్ వేలాడుతోంది. జూలై 24 చుట్టూ నల్లని సున్నా అచ్చు వేసి ఉంది.

"సింధూజా. ఆ రోజు అమావాస్య."

ఆ పిల్ల క్యాలెండర్ చూసింది. ప్రింటవుట్ చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అమాస దినం అంకుల్ కీబోర్డు ముట్టరు సార్! నేను వచ్చిన ఐదేళ్ల నుంచి చూస్తున్న. శేఠ్ సెలవు ఇయ్యడు గదా. కార్డు పంచ్ చేస్తరు, రూమ్ ఊడుస్తరు, మిషన్ తుడుస్తరు, కీబోర్డు మీద తువ్వాల కప్పి అగరబత్తి పెడ్తరు. తర్వాత కింద నూలు గోదాంల కూసుంటరు. ఏమన్నా అర్జెంటుంటే నాతోనే చేయిస్తరు. నేను మజాక్ చేస్తుండె. అంకుల్, కంప్యూటర్‌కు ఏం అమాస అని."

"ఏమనేవాడు?"

"పద్మశాలీలం బిడ్డా, అమాసకు మగ్గం ముట్టం, ఇది మగ్గం కాదా అనేటోళ్లు."

నరహరి తండ్రి కూడా ముట్టేవాడు కాదు. ఆ రోజు ఇంట్లోనే ఉండేవాడు, కూలి పోయినా సరే.

"మరి ఈ తేదీ ఎట్లా వచ్చింది?"

"తేదీ మార్చొచ్చు సార్. ఒక కమాండ్ ఉంటది. ఏ తేదీ కావాలంటే అది వేస్తది."

"పేరు?"

"ఫైలు ఇంకొకరి పేరు మీదికి మార్చాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలె, మిషన్ మొత్తానికి తాళంచెవి అసుంటిది. మా దగ్గర ఉండదు."

"ఎవరి దగ్గర ఉంటుంది?"

సింధూజ వంశీధర్ క్యాబిన్ వైపు చూసింది.

"మార్చినట్టు తెలిసే దారి ఉందా?"

"ఉంది," అంది ఆ పిల్ల. "చూపియ్యనా?"

"ఎట్లాగో నాకు చెప్పు. చూపించేది ఇప్పుడు కాదు. అందరి ముందు."

మధ్యాహ్నం 2:30. డిజైన్ రూమ్‌లో అయిదుగురు ఉన్నారు. నరహరి, గోహిల్, వంశీధర్, సింధూజ, గార్డు. గోహిల్ గడియారం చూసుకున్నాడు.

"నాలుగింటికి కోర్టు నరహరీ. తొందరగా కానీ."

"సింధూజా, ఫైళ్ల లిస్టు తియ్యి. ఎల్‌ఎస్ కొట్టు. పక్కన గీత, ఎల్."

స్క్రీన్ మీద నలభై వరుసలు దిగాయి. పన్నెండో వరుస అందరూ చూశారు. పరమేశ్వర్. జూలై 24. 11:20.

"ఇదే నేనిచ్చింది," అన్నాడు వంశీధర్.

"ఇప్పుడు ఎల్ పక్కన సి కూడా కలిపి కొట్టు."

మళ్లీ నలభై వరుసలు దిగాయి. అవే పేర్లు. సమయాలు వేరు. ముప్ఫైతొమ్మిది ఫైళ్లకు పాత తేదీలే. పన్నెండో ఫైలుకు మాత్రం జూలై 31, 13:41.

గోహిల్ ముందుకు వంగాడు. "ఇదేంటి?"

"ఫైలుకు రెండు సమయాలు," అన్నాడు నరహరి. "మొదటిది బట్ట తాను మీద చాక్‌తో రాసే అంకె లాంటిది. చెరిపి వేరేది రాయొచ్చు. రెండోది మగ్గం కౌంటర్ లాంటిది. ఫైలు పేరు మార్చినా, తేదీ మార్చినా, మెషీన్ తనకు తానే ఆ నిమిషం వేసుకుంటుంది. వేలు పెట్టి ఎవరూ దిద్దలేరు. మీరు చాక్ గీత చూశారు. కౌంటర్ చూడలేదు."

కింద మగ్గాలు నడుస్తున్నాయి. నేల అదురుతోంది.

"పరమేశ్వర్ ఒకటిన్నరకే శవమై దొరికాడు. ఫైలు 1:41కి మారింది. చచ్చినవాడు మార్చలేదు. మొండయ్య?" గార్డు వైపు తిరిగాడు. "1:41కి మొండయ్య ఎక్కడ?"

"గేటు దగ్గర సాబ్. తాడు నేనే కట్టాను."

"సింధూజ?"

"బయట క్యాంటీన్‌లో సాబ్. రెండింటికి వచ్చింది."

"వంశీధర్ గారు?"

గార్డు నేల చూశాడు. "క్యాబిన్‌లో. తలుపేసుకుని."

వంశీధర్ నవ్వబోయాడు. "పరమేశ్వర్ గారికి కూడా నా పాస్‌వర్డ్ తెలుసండీ. ఎవరికైనా చెప్పుండొచ్చు."

"చెప్పి ఉండొచ్చు. కానీ అమావాస్య తేదీ ఎవరు వేస్తారు? ఈ ఫ్యాక్టరీలో నేతవాళ్లెవరూ ఆ తేదీ వెయ్యరు. సింధూజ వెయ్యదు. ఆ రోజు ఆయన కీబోర్డు ముట్టడని అందరికీ తెలుసు. పంచ్ కార్డు మాత్రమే చూసినవాడు వేస్తాడు. ఫైలు అంతకుముందు మీ పేరు మీద ఉండేది. సెన్సర్ ఆపింది మీరు. పరమేశ్వర్ ఇదే లిస్టు తీసి మీ పేరు చూశాడు. మొండయ్యకు చూపిస్తానని పిలిచాడు. ఆ మాట మీ చెవిన పడింది."

"నాకు పెళ్లాం ఉందండీ," అన్నాడు వంశీధర్. "చిన్నపాప ఉంది. ఆయన చేతులు పట్టుకున్నాను. నెల టైమివ్వండి, నేనే వేరే ఉద్యోగం చూసుకుని పోతానన్నాను. ఆ ముసలాడు నావైపు తిరగనైనా లేదు. టైప్ చేసుకుంటూ అన్నాడు, ఆ చచ్చిన పిల్లాడి అమ్మను అడుగు పో అని."

టేబుల్ మూల కత్తెర ఉంది. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర. అతని చెయ్యి దాని మీదికి వెళ్లడం గోహిల్ చూడలేదు.

వంశీధర్ సింధూజ జుట్టు పట్టి వెనక్కి లాగాడు. కత్తెర మొన ఆమె మెడ కింద ఆనింది. గార్డు తలుపు దాకా వెనక్కి జరిగాడు.

"జరగండి! జరగండి అంతా!"

నరహరి జరగలేదు. టేబుల్ మీంచి కీబోర్డు ఎత్తి వంశీధర్ ముఖం మీద కొట్టాడు. కీలు పళ్లలా రాలాయి. వంశీధర్ కత్తెర విసిరాడు. అది నరహరి ముంజేతిలో దిగి ఎముకకు తగిలి ఆగింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. వంశీధర్ గొంతు పట్టుకున్నాడు. బలమైనవాడు. నరహరి కళ్లకు చీకట్లు కమ్మాయి. తన చేతిలో దిగిన కత్తెరను తానే ఊడబెరికాడు. దాని పిడితో ముక్కు మీద గుద్దాడు. మళ్లీ గుద్దాడు. మూడోసారికి ఎముక విరిగిన శబ్దం మగ్గాల మోతలో కూడా వినపడింది.

గోహిల్ బేడీలు వేశాడు. సమయం 2:52.

సింధూజ తన చున్నీ చింపి నరహరి చేతికి కట్టింది. ఆమె మెడ మీద సన్నని ఎర్రగీత.

"మిగతా ఫైళ్లు చూడు," అన్నాడు నరహరి. "ఇంకెన్నిటికి సెన్సర్ బంద్ ఉంది?"

ఆమె వేరే కీబోర్డు తగిలించి చూసింది. "పదకొండు సార్. ఇప్పుడు నడుస్తున్నయి. మనుషులున్నరు వాటి మీద."

నరహరి కిందికి దిగాడు. మెయిన్ స్విచ్ దగ్గర సూపర్‌వైజర్ అడ్డం వచ్చాడు. శేఠ్‌ను అడగాలి అన్నాడు. నరహరి రక్తం కారే చేత్తోనే అతన్ని పక్కకు నెట్టి హ్యాండిల్ దించాడు.

నలభై మగ్గాలు ఆగాయి. కార్మికులు తలలెత్తి చూశారు.

3:40కి లాకప్ తలుపు తెరిచారు. గోహిల్ కుర్చీలో కూర్చుని కాగితాలు సర్దుతున్నాడు. లింగవ్వ అతని ముందు నిలబడింది.

"ఏ చేత్తోని కొట్టినవ్ నా కొడుకును?"

గోహిల్‌కు తెలుగు రాదు. నరహరి వైపు చూశాడు. నరహరి ఆ మాట హిందీలో చెప్పాడు. గోహిల్ రెండు చేతులూ టేబుల్ కిందికి తీసుకున్నాడు.

"దవాఖానకు పోదాం," అన్నాడు నరహరి, మొండయ్య వేళ్లు చూసి.

"పొద్దుమునిగినంక పోతం," అంది లింగవ్వ. "నువ్వు పో ముందు. నీ చెయ్యి సూసుకో."

నరహరి జీపు తీయించాడు. ఇద్దరినీ ఎక్కించుకున్నాడు.

తాపీ నది ఒడ్డు. సాయంత్రం 5:50. మబ్బు పట్టి ఉంది. లింగవ్వ టిఫిన్ డబ్బా తెరిచింది. అన్నం, కోడికూర, గారెలు. సాయికుమార్ ఇష్టంగా తినేవి. విస్తరి పరిచింది. మొండయ్య అన్నం కలపబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. మెతుకులు జారిపోయాయి. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. తన అరచెయ్యి కింద పెట్టింది. ఇద్దరూ కలిసి ముద్ద పెట్టారు.

పిట్ట రాలేదు.

"అవ్వను నేను చూసుకుంట తమ్మీ," అన్నాడు మొండయ్య.

రాలేదు. చెట్టు మీద మూడు కాకులు ఉన్నాయి. కదల్లేదు.

"నీ బండి ఎవ్వలకు అమ్మ. నేనే నడుపుత."

రాలేదు.

లింగవ్వ వెనక్కి తిరిగింది. దూరంగా జీపు దగ్గర నరహరి నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

"సారూ, జర ఇటు రా. నువ్వు చెప్పు వానికి. మా మాట ఇంటలేడు."

నరహరి వచ్చాడు. పంచనామా చదివే గొంతుతోనే చెప్పాడు.

"సాయికుమార్, నీ తప్పు లేదని రాసినం. సెన్సర్ బంద్ చేసినోడు దొరికిండు. పన్నెండో మగ్గం సీల్ చేసినం."

ఒక కాకి కిందికి దిగింది.