నడిమి బుష్

కొత్తగూడ అడవి అంచున ఉన్న ఆ తండాలో ఒక పట్టింపు ఉంది. మనిషి ప్రాణం తీసిన బండిని మళ్లీ ముట్టుకోవాలంటే ముందు దాని టైరుకు కోడి రక్తం చూపించాలి. అనిత కూడా సంతలో కోడిని కొన్నది. ఇంటికి తెచ్చి, కారం దట్టించి కూర వండి, అత్త జమ్లీకి పెట్టి తానూ కడుపునిండా తిన్నది. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని పానా పట్టుకుంది.

"తప్పు చేసినవ్ బిడ్డా," అన్నది జమ్లీ, బొక్క చీకుతూనే.

"మనకే దొరకని కోడి టైరుకెందుకు యాడీ?" అన్నది అనిత.

యాడీ అంటే అమ్మ; ఆ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలోనే. ఆ భాష రానివాళ్ల కోసం ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం, అంతే.

బండి అనిత భర్త వాల్యాది. పాత డీజిల్ జీపు. నిరుడు వానల్లో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ పట్టేసింది. ఇంజన్ ఆగితే ఆ బండికి బ్రేకు సరిగా పడదు. జీపు వెనక్కి జారి వాగులో పడింది. అందులో ఉన్నది వాల్యా ఒక్కడే. తర్వాత ఇంజన్ విప్పితే సంగతి తెలిసింది. ఇంజన్ లోపల తిరిగే క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసును మోసే బుష్‌లలో నడిమిది ఉన్నచోటే తిరిగిపోయి నూనె దారి మూసేసింది. నూనె అందక షాఫ్ట్ కాలిపోయింది.

వాల్యా ఇంజన్ విప్పినప్పుడల్లా పక్కన కూర్చుని సామాను అందించింది అనితే. చూసి చూసి పని చేతికొచ్చింది. అందుకే బండిని తానే కట్టి తానే నడుపుతానన్నది. వాల్యా అన్న ప్రేమ్‌సింగ్‌కు ఆ మాట గొంతు దిగలేదు.

"వచ్చే సంతకు తుక్కు లారీ వస్తది. అప్పటికి ఇంజన్ మాట్లాడితే బండి నీది. లేకుంటే కాంటా మీదికి పోతది," అన్నాడు.

"మాట్లాడిపిస్త బావా. నువ్వు చెవులు కడుక్కొని రా," అన్నది అనిత.

మాటకు మాట అనేసింది గానీ ఓడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. బండి పోతే ఆమెకు మిగిలేది ఊరూరూ తిరిగి మిరపకాయలు ఏరే కూలి. బండి ఉంటే మహబూబాబాద్‌కు ట్రిప్పులు కొట్టుకుంటూ ఎవరికీ తల వంచకుండా బతకొచ్చు.

జనగామ పోయి కొత్త బుష్‌లు తెచ్చుకుంది. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఇంజన్ బ్లాకును చెక్కల మీద బోర్లించింది. బుష్ అంటే చేతికేసుకునే మందపాటి గాజు లాంటిది. దానికో చిల్లు ఉంటుంది. బ్లాకులో నూనె వచ్చే చిల్లుకు అది సరిగ్గా ఎదురు రావాలి. వాల్యా సైకిల్ పుల్లతో చూసేవాడు. రెండు చిల్లుల్లోంచీ పుల్ల సాఫీగా దిగితే దారి ఉన్నట్టు.

అనిత ఒక్కో బుష్‌నూ లోపల బోలుగా ఉన్న కడ్డీ ఆనించి, చెక్క సుత్తితో మెల్లగా దించింది. పుల్ల పెట్టి చూసింది. అన్నిట్లోనూ దిగింది. చాయ్ తాగి వచ్చి, మనసు ఊరుకోక మళ్లీ పెట్టింది. నడిమి బుష్‌లో పుల్ల దిగలేదు.

తన చూపే తప్పిందనుకుంది. ఆ బుష్‌ను తీసి, విడిగా తెచ్చుకున్న ఇంకో బుష్ కొట్టింది. పుల్ల దిగింది. నీళ్లు పట్టుకొచ్చేసరికి మళ్లీ దిగలేదు. సుత్తితో కొడితే తప్ప కదలని బుష్ అది. ఇది ప్రేమ్‌సింగ్ పనేనని అనిత పళ్లు నూరింది. వీలైనన్ని తిట్లు తిట్టి, బుష్‌ను కడ్డీతో దారికి తెచ్చి, సుత్తి ఒళ్లో పెట్టుకుని బ్లాకు పక్కనే కూర్చుంది.

"ఎవడొస్తడో రానీ. కాలిరగ్గొడత," అన్నది గట్టిగానే.

పొద్దుగూకే వేళకు వాన మొదలైంది. రేకుల మీద చప్పుడు. కరెంటు పోయింది. డీజిల్ వాసన, తడి మన్ను వాసన, వాటి వెనక ఇంకేదో... వాగు అడుగున కుళ్లిన ఆకు వాసన. జమ్లీ ఇంట్లో పొయ్యి దగ్గర ఉంది. షెడ్డులోకి ఎవరూ రాలేదు. అనిత రెప్ప కూడా వాల్చలేదు.

అప్పుడు వినబడింది.

కిర్ర్...

ఇనుము మీద ఇనుము జరుగుతున్న చప్పుడు. చాలా మెల్లగా. ఆగి... మళ్లీ కిర్ర్...

అనిత సెల్‌ఫోన్ లైటు వేసింది. నడిమి బుష్ తిరుగుతోంది. ఎవరూ పట్టుకోలేదు. దానంతట అదే... వెంట్రుక మందం చొప్పున.

అయినా లేవలేదు. పుల్ల తీసి చిల్లులో గుచ్చి, బుష్ జరగకుండా అదిమి పట్టుకుంది. చప్పుడు ఆగింది.

ఆ తర్వాత లోపలి నుంచి ఎవరో పుల్లను పట్టుకుని మెల్లగా లాగారు.

వాల్యా! అనుకుంది అనిత. భయం కన్నా ముందు కోపం వచ్చింది. నిరుటి నుంచి కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"నువ్వేనా? పోయినోడివి పోయినవ్. నన్ను గూడ బతకనియ్యవా? మీ అన్న ముందల నేను చెయ్యి చాపాల్నా? ఎన్నిసార్లు తిప్పుతవో తిప్పు. అన్నిసార్లు కొడత!"

అనిత బ్లాకులోకి చెయ్యి పెట్టి, బుష్ లోపల వేలితో తడిమింది. ఏదో తగిలింది. చల్లగా... మెత్తగా... వేళ్లు. మూడో నాలుగో. చాలా చిన్నవి. ఆమె వేలిని పట్టుకున్నాయి.

"వద్దక్కా..."

గుసగుస. తెలుగులో.

పెళ్లయిన నాటి నుంచి వాల్యా ఆమెతో తెలుగులో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏ మొగుడైనా పెళ్లాన్ని అక్కా అంటాడా?

"ఎవరు నువ్వు?" తెలుగులోనే అడిగింది.

"బండి తియ్యకక్కా... వద్దు..."

అనిత చెయ్యి లాక్కుంది. వేలికి నూనె లేదు, బురద ఉంది. లేచి పరిగెత్తి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆమె కూడా లేచింది, గుమ్మం దాకా పోయింది. అక్కడి నుంచి ప్రేమ్‌సింగ్ ఇంట్లో నవ్వులు వినబడుతున్నాయి. వెనక్కి వచ్చింది.

"ఎవరివో నాకెర్క లేదు. నీకేం బాధనో గది గూడ ఎర్క లేదు. నా బతుకు మాత్రం ఇడువ," అన్నది.

బుష్‌ను దారికి తెచ్చింది. పుల్ల దిగింది. బుష్ అంచున ఉలి మొన పెట్టి, మళ్లీ తిరగకుండా నొక్కు పడేలా సుత్తితో కొట్టింది. లోపల ఎవరో మూలిగారు. మళ్లీ కొట్టింది. మళ్లీ మూలుగు. ఏడుస్తూనే కొట్టింది అనిత. కడపటి దెబ్బకు మూలుగు రాలేదు.

తర్వాత ఏ బుష్ కూడా తిరగలేదు. క్యామ్‌షాఫ్ట్ నూనె రాసుకుని లోపలికి జారింది. రెండు వేళ్లతో తిప్పితే సాఫీగా తిరిగింది.

సంత నాడు తుక్కు లారీ వచ్చింది. ప్రేమ్‌సింగ్ తండా అందరినీ పోగేసుకుని నిలబడ్డాడు. అనిత తాళం తిప్పింది. ఇంజన్ ఒకసారి దగ్గి, తర్వాత గలగలా అందుకుంది. మీటరులో నూనె ముల్లు పైకి లేచి నిలబడింది. జమ్లీ పరుగున వచ్చి ముందు సీట్లో కూర్చుంది. లారీ ఖాళీగా పోయింది. అనితకు ఆ రోజు పండగే.

కొత్తగా కట్టిన ఇంజన్‌లో మొదటి నూనెను కొన్ని ట్రిప్పులకే దించెయ్యాలి. ఇనుప రజను రాలుతుంటే అందులో బయటపడుతుంది. ఒక పొద్దున అనిత బండి కింద దూరి, నూనెను పళ్లెంలోకి దించింది. అది చల్లారి తేటపడే దాకా ఆగి, అడుగున చేత్తో దేవింది. రజను లేదు. ఆమె పని అంత నికరంగా ఉంది.

చేతికి ఒక్కటే తగిలింది. తీసి కొంగుతో తుడిచింది. పాలపన్ను. వాల్యా కన్నా ముందే ఈ బండి ఏ పసిబిడ్డను మింగిందో?

రోడ్డు మీద ట్రిప్పు జనం పిలుస్తున్నారు. "వస్తున్న!" అని కేకేసి, పన్నును తుప్పల్లోకి విసరబోయి ఆగింది అనిత. పళ్లెంలో నూనె ఎప్పుడో చల్లబడింది. పన్ను మాత్రం అరచేతిలో వెచ్చగా ఉంది, ఇప్పుడే నోట్లోంచి ఊడినట్టు.