కాటమరాజు కొత్త అర్జీ

తెల్లవారి గొర్రెలు దొడ్డి దాటకముందే కాటమరాజు వసారాలో రేకుపెట్టె ముందేసుకొని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అడవిశాఖలో బంట్రోతు పని చేశాడు. ఇప్పుడు అదే శాఖ గిద్దలూరు కచేరీలో గుమాస్తా పని ఖాళీ అయింది. పాత అర్జీకి నేర్చుకున్నవీ చేసినవీ నాలుగు మాటలు చేర్చి పంపితే చాలని పెద్ద గుమాస్తా చెప్పాడు.

పాత అర్జీ నకలు పెట్టె అడుగున దొరికింది. పదేళ్ళ కింద మార్కాపురం సంతలో అర్జీలు రాసే పంతులు దాన్ని ఇంగ్లీషులో రాసిస్తే, ఆ భాష రాని కాటమరాజు కింద సంతకం మాత్రం చేశాడు. కొలువులో చేరాక నేర్చిన ఇంగ్లీషుతో ఇవాళే మొదటిసారి చదువుతున్నాడు. మూడో వరుస దగ్గరే కేకేశాడు.

"అమ్మా! నాయన చచ్చిపోయినాడని రాసుందే ఇందులో!"

మజ్జిగ చిలుకుతున్న అంకాలమ్మ కవ్వం వదిలేసి వచ్చింది. "ఏందిరా ఆ పాడు మాట? నా మొగాన బొట్టు కనపడలే? ఎవుడు రాసినాడు? వాని చేతులు పడిపోను!"

"ఆ పంతులే అయ్యుంటాడు."

ఆ రోజుల్లో ఏడుపు లేని అర్జీని అర్జీ అనేవారు కారు. ఆకలి, అప్పులు, అనాథతనం, అన్నీ కూరలో ఉప్పూ కారంలా పడాల్సిందే.

దొడ్డిలోంచి వచ్చిన తండ్రి గురవయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "పంతుల్ని తిట్టబాకండి. నేనే రాయమన్నా."

అంకాలమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "బతికుండంగనే నన్ను ముండమోపిని చేసినావా? నీ ఆయుస్సు కోసం నేను ఒక్కపొద్దులుంటినే! ఒక్కమాట నాకు చెప్పొద్దూ?"

"చెప్తే రాయనిస్తువా?"

"ఎందుకట్ల చేసినావు నాయనా?" అన్నాడు కాటమరాజు.

గురవయ్య కొడుకు ముఖం చూడలేదు. "తండ్రి లేని బిడ్డంటే అడవిశాఖ దొర జాలిపడతాడని పంతులు చెప్పినాడు. అందరూ పెద్దోళ్ళ సిఫారసు తెచ్చుకున్న్యారు. గొర్లు కాసేటోని సిఫారసు ఎవురికి కావాల? నేనుండేది బిడ్డకు అడ్డమైతే, నన్ను తీసేయమన్నా."

తన తెలివికి మెచ్చే దొర పని ఇచ్చాడని కాటమరాజు ఊరంతా చెప్పుకున్నాడు. అది గుర్తొచ్చి సిగ్గుతో తల వాలిపోయింది.

"ఇప్పుడూ అట్లే ఉండనీ. మారిస్తే అబద్ధం బయటపడి ఉన్న పని గూడా ఊడుతాది" అన్నాడు గురవయ్య.

అదీ నిజమే. ఆ పాత అర్జీ కచేరీలోనే భద్రంగా ఉంది. అంతసేపూ అరిచిన అంకాలమ్మ కూడా గొంతు తగ్గించింది. "అట్లే రాసుకో నాయనా. కాగితం మీద బొట్టు పోతే నాకేం?"

కాటమరాజు కలం తీసి గబగబా రాశాడు. రాసింది తెలుగులో చదివి వినిపించాడు. "నా తండ్రి గురవయ్య బతికి ఉన్నాడు. గొర్రెలు కాసి నన్ను చదివించినాడు. మునుపటి అర్జీలో ఆయన లేడని రాసింది తప్పు. క్షమించవలెను."

"వద్దురా! పని పోతే?"

"పోతే నీ ఎనక గొర్లకొస్తా. నిన్ను కాటికి పంపించి తెచ్చుకునే కొలువు నాకొద్దు నాయనా."

గురవయ్య తలగుడ్డతో ముఖం కప్పుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంకాలమ్మ పక్కన కూర్చుని ఆ గుడ్డ లాగేసింది.

"ఇంక చాల్లే. బతికినోళ్ళు బువ్వ తినాల, లెయ్యి" అంది, తనూ ఏడుస్తూనే.