శామీర్‌పేట చెరువు మీద ఊదా చుక్క

ధర్మేందర్‌ను చంపినవాళ్లు అతని కెమెరాను ఎత్తుకుపోలేదు.

పదకొండు రోజుల కింద, తెల్లవారుతుండగా, శామీర్‌పేట చెరువు కట్ట రాళ్ల దగ్గర శవం దొరికింది. నడుము దాకా నీళ్లలో, తల రాళ్ల మీద. మెడ పక్కన సూది గుచ్చిన గుర్తు. కట్ట పైన ట్రైపాడ్, దాని మీద మిర్రర్‌లెస్ కెమెరా, మోచెయ్యంత లెన్స్, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్షుల ఫొటోగ్రాఫర్ వేషంలో మూడు వారాలు అక్కడ కాపు కాసిన సీక్రెట్ ఏజెంట్ అతను.

మచ్చ బొల్లారంలో కొరియర్ ఆఫీసు బోర్డు ఉన్న ఇంటి వెనక గదిలో చీఫ్ రాఘవేందర్ ఆ కెమెరాను బల్ల మీద పెట్టాడు. ఎదురుగా బిందు కూర్చుంది.

"నలభై అయిదు మెగాపిక్సెల్. సెకనుకు ముప్పై ఫ్రేములు. కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటది. కార్డుల రెండు వేల నూట నలభై ఫొటోలున్నయి," అన్నాడు చీఫ్. "అన్నీ కొంగలే."

తర్వాత జేబులోంచి ఇంకొకటి తీశాడు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంది. పదహారేళ్ల కిందటి అల్ట్రాకాంపాక్ట్ జేబు కెమెరా, ఏడు మెగాపిక్సెల్, అంచుల దగ్గర రంగు పోయిన స్టీలు. అది శవం పిడికిట్లో దొరికిందని చెప్పాడు. చంపినవాళ్లు పెద్దదాన్ని తెరిచి చూసుకున్నారు, కొంగలు తప్ప ఏమీ లేవని వదిలేశారు. అరచేతిలో ఇమిడిపోయిన దీన్ని గమనించలేదు.

చిన్న కెమెరాలో ఉన్నది ఒక్క ఫొటో. చెయ్యి వణికి తీసినట్టుంది. మసక సాయంత్రం, నీళ్లు, ఒడ్డున ఎర్రటి మరక, ఆ మరక మధ్యలో జొన్నగింజంత ఊదా చుక్క. కెమెరా సెన్సర్ పాడైందని ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు రాసింది.

బిందు ఒక్క ప్రశ్నే అడిగింది. అంత గొప్ప కెమెరా పక్కనే ఉండగా, చావబోయే మనిషి దీన్ని ఎందుకు పట్టుకున్నాడు? చీఫ్ రెండు కెమెరాలనూ ఆమె వైపు జరిపాడు.

లాల్‌గడి మలక్‌పేట్ సర్కారు బడిలో చదివిన పిల్లను, ఇంటర్వ్యూలో నాలుగు ముక్కలు కూడా మాట్లాడని పిల్లను, ఈ పనిలోకి తీసుకున్నది ధర్మేందర్. "గంటలు గంటలు కదలకుండ చూడగలవ్. అది నేర్పితే వచ్చేది కాదు," అన్నాడు. మిగతాదంతా ఆయనే నేర్పాడు. చంపినవాళ్లు దొరికితే ఏం చెయ్యాలో బిందు పదకొండు రోజులుగా అనుకుంటూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

చీఫ్ పని చెప్పాడు. శామీర్‌పేట దగ్గరి ఒక వ్యాక్సిన్ ల్యాబ్ నుంచి బతికున్న వైరస్ సీడ్ ఉన్న స్టీలు ట్యూబు పోయింది. విదేశీ రింగ్ పని. ధర్మేందర్ కాపు కాసింది దాని కోసమే. రోడ్లన్నీ పోలీసులు తనిఖీ చేస్తుండటంతో సరుకు ఇంకా ఇక్కడే ఉంది. రింగ్‌లో తిరుగుతూ మనకు కబురు అందించే నవ్యశ్రీ సమాచారం ప్రకారం, రేపు సాయంత్రం ఆరింటికి మేడ్చల్ రైల్వే స్టేషన్‌లో బూడిదరంగు సంచితో వచ్చే మనిషి దాన్ని వేరే చేతికి అందిస్తాడు. టీమ్ మొత్తం అక్కడికే. చెరువును మాత్రం వదిలేయకుండా బిందు చూడాలి. వేషం పెళ్లి ఫొటోగ్రాఫర్. పెళ్లికూతురుగా కూర్చోవడానికి నవ్యశ్రీ ఒప్పుకుంది. ఆమె అసలు వృత్తి అదే, బట్టల దుకాణాలకు మోడలింగ్.

"ఇంకో మాట. చంపినోళ్లు ఎవరైనా సరే, నాకు ప్రాణంతో కావాలె," అన్నాడు చీఫ్.

బిందు రెండు కెమెరాలూ తీసుకుంది. అవునని మాత్రం అనలేదు.

ఇంటికి వెళ్లకుండా బాపు దగ్గరికి వెళ్లింది. ఆమె తండ్రి ఇస్తారిది రెండు వీధుల అవతల టీవీ రిపేరు దుకాణం. కౌంటర్ మీద చిన్న కెమెరాను ఆన్ చేసి పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంది. ఇస్తారి చేతిలో ఎవరిదో చెడిపోయిన రిమోట్ ఉంది. అలవాటు చొప్పున దాన్ని ఆ లెన్స్ ముందు పెట్టి బటన్ నొక్కాడు. కెమెరా తెర మీద ఊదా చుక్క వెలిగింది.

"బాపు, ఇంకోసారి ఒత్తు."

"ఏంది బిడ్డ? రిమోట్ మంచిగున్నదా లేదా గిట్లనే చూస్త నేను. గీ లైటు మన కంటికి కానరాదు. పాత కెమెరాకు కానొస్తది."

బిందు మిర్రర్‌లెస్‌ను ముందుకు జరిపింది. ఇస్తారి దాని ముందు కూడా రిమోట్ నొక్కాడు. తెర మీద రిమోట్ మీది దుమ్ము కూడా కనబడింది. వెలుగు మాత్రం లేదు.

"కొత్తదాంట్ల లోపట అద్దం బిగిస్తరు, రంగులు సక్కగ రావాలని. గా అద్దమే ఈ లైటును ఆపుతది," అన్నాడు ఇస్తారి. "మస్తు కెమెరా. కని దీనికి గిది కానరాదు."

అంటే సెన్సర్ పాడవలేదు. ఆ సాయంత్రం చెరువు దగ్గర ఎవరో కంటికి కనబడని దీపం పెట్టుకుని ఉన్నారు. బిందు ఫోన్ చేసి చెప్పింది. చీఫ్ ఆ మాట రాసుకున్నాడు. వెతకమన్నాడు, కానీ మేడ్చల్ సమాచారం పక్కా అన్నాడు.

మర్నాడు అయిదున్నరకు చెరువు నిండా నీళ్లు, నీళ్ల నిండా వాలుతున్న ఎండ. షూటింగులకు పుట్టిని, అంటే గుండ్రటి వెదురు పడవను, కిరాయికి ఇచ్చే గండయ్య, దానికి బంతిపూలు కట్టి సిద్ధంగా ఉంచాడు. అరవై ఏళ్లుంటాయి. చుట్టూ చూసి పెళ్లికొడుకు ఏడని అడిగాడు.

"లీవు దొరకలే కాక," అంది బిందు.

"ఇప్పుడే దొరకకుంటే, పెండ్లయినంక ఏం దొరుకుతది," అన్నాడు గండయ్య.

నవ్యశ్రీ అలియాబాద్ వైపు నుంచి కారులో వచ్చింది. పన్నెండు కిలోల ఎర్రటి లెహంగా, నెమళ్లు చెక్కిన వడ్డాణం. ఆమె కట్ట మీద నడుస్తుంటే కంకులు కాలుస్తున్నామె విసరడం మరిచిపోయింది. డ్రోన్ షాట్ల కోసం తన ఫ్రెండ్ హైవే మీది నుంచే ఎగరేస్తాడని చెప్పింది.

"ఇప్పుడు డ్రోన్ లేని షూట్ ఉంటదా చెల్లె?"

ఉండదు. ఆ చెరువు మీద రోజూ ఎవరిదో ఒకరి పెళ్లి డ్రోన్ తిరుగుతూనే ఉంటుంది. కొంగలు కూడా లేవడం మానేశాయి.

నవ్యశ్రీ పుట్టిలో కూర్చుంది. అది కొట్టుకుపోకుండా కట్టిన తాడును వదులుతూ గండయ్య ఒడ్డున నిలబడ్డాడు. నలభై గజాల దూరంలో పుట్టి ఆగింది. బిందు మిర్రర్‌లెస్ ఎత్తింది. అది వెంటనే నవ్యశ్రీ కన్నును పట్టుకుంది. ఒక్కొక్క రెప్పవెంట్రుక, కాటుక అంచు, బుగ్గ మీద బంగారు పొడి. ఈ కెమెరాకు ఆమెలో ఒక్క తప్పు కూడా దొరకలేదు.

ఆమె సూర్యుడి వైపు ముఖం తిప్పినప్పుడు బిందు చిన్నదాన్ని బయటికి తీసింది. లెన్స్ బయటికి రావడానికి మూడు సెకన్లు. గీతలు పడ్డ తెర మీద అవతలి ఒడ్డు కనబడింది. ఏమీ లేదు. చెట్ల కింద ఏమీ లేదు. కెమెరాను మెల్లగా వెనక్కి తిప్పుతుంటే పుట్టి తెర మీదికి వచ్చింది. నవ్యశ్రీ ముఖం మసక. లెహంగా ఎర్రటి మరక. ఆ మరక మధ్యలో, నడుము దగ్గర, ఊదా చుక్క వెలుగుతూ ఆరుతోంది.

ఉత్త కంటితో చూసింది. వడ్డాణం. మిర్రర్‌లెస్‌తో చూసింది. వడ్డాణం, నెమళ్లు. చిన్నదానితో చూసింది. చుక్క.

బిందు చెయ్యి బ్యాగులోని పిస్టల్ మీదికి పోయింది. అప్పుడే అలియాబాద్ వైపు నుంచి డ్రోన్ మోత వినబడింది.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. ధర్మేందర్ ఫొటోలోని ఎర్రటి మరక ఈమె, ఆరోజు ఆయన చూడటంతో ఆగిన పనే ఇది. టీమ్‌ను మేడ్చల్ పంపించింది ఈమె. పోలీసులు తనిఖీ చెయ్యని చోటు, ఏజెన్సీ సొంత కాపలాలో ఉన్న పుట్టి. డ్రోన్ ఆ కనబడని దీపాన్ని చూసుకుంటూ వస్తుంది, సరుకు తీసుకుని పోతుంది. బిందు కాలర్ మైకులో కోడ్ మాట చెప్పింది: "లైటు పడిపోతోంది." వెంటనే రమ్మని. మేడ్చల్ నుంచి ఎంత తొందరగా వచ్చినా అరగంట.

డ్రోన్ నవ్యశ్రీ తల మీద ఆగింది. దానికి కొక్కెం వేలాడుతోంది. ఆమె వడ్డాణం లోపలి నుంచి వేలంత స్టీలు ట్యూబు తీసి చెయ్యి పైకెత్తింది. కాల్చడానికి లేదు. గుండు ట్యూబుకు తగిలితే వైరస్ చెరువులో కలుస్తుంది.

"కాక, తాడు గుంజు."

"ఫొటో అయిందా?"

"గట్టిగ గుంజు."

కొక్కెం జానెడు దూరంలో ఉండగా గండయ్య, చేపలు నిండిన వలను లాగినట్టు లాగాడు. పుట్టి గిర్రున తిరిగింది. నవ్యశ్రీ నీళ్లలో పడింది. డ్రోన్‌కు తెలిసింది ఆ దీపం ఒక్కటే. దీపం కిందికి పోయింది కాబట్టి అదీ కిందికి దిగింది, ఇంకా దిగింది, రెక్కలు నీళ్లకు తగిలి గుడగుడమని మునిగిపోయింది.

నవ్యశ్రీ పైకి తేలి ఒక చేత్తో పుట్టి అంచు పట్టుకుంది. రెండో చేతిలో ట్యూబు.

"ఎవ్వరన్న దగ్గరికొస్తే మూత తీస్త. చెరువంత పోతది."

బిందు పిస్టల్ కింద పెట్టింది. మిర్రర్‌లెస్ తీసుకుని వీడియో ఆన్ చేసింది. కెమెరా మళ్లీ ఆ కన్నునే పట్టుకుంది. లెహంగా నీళ్లు తాగుతోంది. బిందు కదలకుండా చూస్తూ నిలబడింది. అది ఆమెకు వచ్చిన పనే.

"ఒక్క చేత్తోని ఎంతసేపు పట్టుకుంటవ్?" అంది చివరికి.

నవ్యశ్రీ ఒకసారి మునిగి తేలింది. "గుంజుమను, చెల్లె."

"ధర్మేందర్ సార్‌కు ఏం జేసినవ్?"

నవ్యశ్రీ మళ్లీ మునిగింది. ఈసారి పైకి రావడానికి ఎక్కువసేపు పట్టింది.

"నాది ఒక ఫొటో తియ్యమన్న. దగ్గరికొచ్చిండు. మెడకు సూది గుచ్చిన. చాలా? ఇగ గుంజు."

ఎవరు చెప్తే చేసిందో అడిగింది బిందు. నవ్యశ్రీ ఒక పేరు చెప్పింది. అలియాబాద్ హైవే పక్కన డ్రోన్ కోసం ఆగి ఉన్న కారు నంబరూ చెప్పింది. బిందు దాన్ని మైకులో చెప్పి, ట్యూబు పుట్టిలో వెయ్యమంది. బంతిపూల మధ్య స్టీలు టంగుమంది.

ఇప్పుడు ట్యూబు భద్రం. మాట రికార్డయింది. నవ్యశ్రీ రెండు చేతులతో వేలాడుతోంది. గండయ్య తాడు లాగబోయాడు. బిందు తాడు మీద కాలు వేసింది.

"ఆగు కాక."

ధర్మేందర్ ఆ నీళ్లలో రాత్రంతా ఉన్నాడు. ఈమె పడి పది నిమిషాలు కూడా కాలేదు. తడిసిన వెదురు మీద వేళ్లు ఒక్కొక్కటే జారడం మిర్రర్‌లెస్ తెర మీద చాలా స్పష్టంగా కనబడుతోంది. నవ్యశ్రీ గడ్డం నీళ్లను తాకింది.

గండయ్య తాడును చూశాడు, దాని మీది కాలును చూశాడు.

"బిడ్డ, నీకు ఆమెకు నడుమ ఏమున్నదో నాకు తెల్వది. మొన్న గా సారు పీనుగు దొరికినప్పటి సంది ఈ చెరువుల పట్టిన చాపను ఎవ్వలు కొంటలేరు. పన్నెండు దినాలైతుంది. ఇంకో పీనుగు తేలితే మా ఇండ్లల్ల పొయ్యి వెలగది."

బిందు ఆయన వైపు చూసింది. తాడు మీద ఆయన చేతులు మెల్లగా బిగుస్తున్నాయి కానీ లాగడం లేదు, ఆమె కాలు తీస్తుందని ఆగి ఉన్నాడు. ఆమె కాలు తీసింది. క్షమించి కాదు.

చీఫ్ వచ్చేసరికి ఆరున్నర దాటింది. అలియాబాద్ దగ్గర కారు, అందులోని ఇద్దరూ దొరికారు. మేడ్చల్‌లో పట్టుకున్న బూడిదరంగు సంచిలో రెండు కిలోల చింతపండు, బిడ్డకు తీసుకుపోతున్న సకినాలు ఉన్నాయి. ఆ సంచి తెచ్చిన పెద్దమనిషికి క్షమాపణ చెప్పి రైలెక్కించడానికే సగం టీమ్ అక్కడ ఆగిపోయింది.

దుప్పటి కప్పుకుని, గాజుల పైన బేడీలతో జీపు ఎక్కబోతూ నవ్యశ్రీ వెనక్కి తిరిగింది. కాటుక గడ్డం దాకా కారింది. అయినా నవ్వగలిగింది.

"అంతసేపు తీసినవ్ గదా. ఆల్బమ్ ఎప్పుడిస్తవ్ చెల్లె?"

"తొంభై దినాలల్ల," అంది బిందు. "కోర్టుకే తెచ్చిస్త."

ఛార్జిషీటుకు చట్టం ఇచ్చే గడువు తొంభై రోజులు. ఎనభై నాలుగో రోజున ఛార్జిషీటుతో పాటు ఆ వీడియో, దానిలోంచి తీసిన నూట ఇరవై ప్రింట్లు, ధర్మేందర్ తీసిన ఆ ఒక్క ఫొటో కోర్టుకు చేరాయి. చెప్పిన తేదీకి ముందే ఆల్బమ్ ఇచ్చిన పెళ్లి ఫొటోగ్రాఫర్ శామీర్‌పేట చుట్టుపక్కల ఇంకొకరు లేరని అక్కడి స్టూడియోలవాళ్లే ఒప్పుకుంటారు.